ఏ పట్టా సంగతి చెప్పినట్టు?

నా మేనకోడలు స్రవంతి చదివే వ్యవసాయ కళాశాలను విశ్వవిద్యాలయం నుంచి విడదీస్తారని మా బావ ఎక్కడో విన్నాడు. అదే జరిగితే పిల్ల చేతికొచ్చే పట్టా మీద ఏ పేరుంటుందో, దాన్ని చూసి వ్యవసాయాధికారి ఉద్యోగం ఇస్తారో లేదో అని ఆయన దిగులు. వనపర్తిలో ఈ విషయం మీదే నాయకుల సభ ఉందని తెలిసి, "జర నువ్వు గూడ రా, వాళ్ల మాటలు నాకు సమజ్ కావు" అని ఫోన్ చేశాడు. మైకు పట్టుకున్నవాళ్లను నమ్మే అలవాటు నాకు మొదటి నుంచీ లేదు. అయినా పొద్దున్నే గద్వాలలో బస్సెక్కాను.

ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు మీదుగా వెళ్తే రెండు గంటల్లోపే వనపర్తి. బస్టాండు నుంచి సభ దాకా షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. కాలేజీ సంగతేమిటని డ్రైవర్‌ను అడిగాను. "అటోళ్లు పోతదంటరు, ఇటోళ్లు పోదంటరు. ఇద్దరి మీటింగులకూ నా ఆటోనే మాట్లాడుకుంటరు సార్" అని నవ్వాడు.

సభ గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ: 'మన వ్యవసాయ కళాశాల మన హక్కు'. విశ్వవిద్యాలయం పేరు ఎంత వెతికినా కనబడలేదు. అక్కడే నా మనసు కీడు శంకించింది.

పాన్‌గల్ నుంచి వచ్చిన బావ, స్రవంతి అప్పటికే ముందు వరుసలో కూర్చున్నారు. "కాలేజీ ఏడికీ పోదు!" అని నాయకుడు పదేపదే అంటుంటే బావ ఉండబట్టలేక లేచాడు.

"సారూ, పట్టా ఎవరి పేరు మీదుంటది?"

"మంచిగ అడిగినవ్ పెద్దాయనా. పట్టా సర్కారు పేరు మీదనే ఉంటది. కాలేజీ భూమి గుంట గూడ ఎవ్వనికీ పోనియ్యం!"

చప్పట్లు మోగాయి. బావ మళ్లీ నోరు తెరిచేలోపు మైకు ఇంకొకరి చేతిలోకి వెళ్లిపోయింది. బావ తలపాగా చూసి నాయకుడు, రైతు అడిగేది భూమి పట్టా గురించేలే అనుకున్నాడేమో. కానీ పక్కనే మెడలో కాలేజీ కార్డుతో కూతురు కూర్చుంది కదా! నాకు ఒళ్లు మండింది.

బయట టీ తాగుతూ, "నేను తప్పడిగిన్నా?" అన్నాడు బావ.

"మంచిగనే అడిగినవ్ నాయినా" అని స్రవంతి నా వైపు తిరిగింది. "మామా, ఆయనకు సమజ్ కాలేదా, సమజై గట్ల చెప్పిండా?"

తిరుగు బస్సులో దారంతా అదే ప్రశ్న. కళాశాల నిజంగానే ఎక్కడికీ పోకపోవచ్చు. గేటు, గోడలు, పొలాలు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. పిల్ల చదువు ఎవరి కిందికి పోతుందో మాత్రం అంతసేపటి సభలో ఒక్కరూ చెప్పలేదు. మీరూ ఇలాంటి సభకు వెళ్తుంటే ఒక్క సలహా: 'పట్టా' అనకండి, 'డిగ్రీ సర్టిఫికెట్' అని విడమరిచి అడగండి. అప్పుడు కూడా భూమి గురించే చెప్పారంటే, వాళ్లకు మీ ప్రశ్న అర్థమైనట్టే.