రాయల్పాడుకు రాచ్‌తో

రాయల్పాడులో ఉండే మా చెల్లెలు సరస్వతి తొలిచూలు ఆవు మేతకు పోయి తిరిగి రాలేదని, ఉదయం ఏడు గంటలకు మామిడికాయల లారీ డ్రైవరు చెప్పిపోయాడు. ఈనే రోజులు. తోపుల్లో ఎక్కడ ఈనినా దూడను నక్కలు బతకనివ్వవు. మా చెల్లెలికున్నది ఆ ఒక్క ఆవే. వెంటనే మా కుక్క రాచ్‌కు గొలుసు వేసి కోలారు గనుల నుంచి బయలుదేరాను.

బంగారు గని నడిపిన ఇంగ్లీషు దొరల బంగళాల్లో పెరిగిన వేటకుక్కల సంతతి వాడు. వాసన పట్టే కుక్కను పాత ఇంగ్లీషులో రాచ్ అనేవారట. మా ఇంట్లో ప్రతి తరం కుక్కకూ అదే పేరు.

బేతమంగళ మీదుగా ముళబాగిలు పోయే బస్సెక్కాను. కండక్టరు రాచ్‌కూ టికెట్టు కొట్టాడు.

"దొరల కుక్క గదమ్మా, పల్లెలో ఏం చేస్తాది?"

"గనే మనదైపోయినాది, ఇంగ కుక్క ఎవురిదప్పా?" అన్నాను. బస్సంతా నవ్వింది.

ఈ దారిన వచ్చేవాళ్లు ముళబాగిల్లోనే ఇడ్లీ తినండి. తరువాత మామిడికాయ తప్ప ఏమీ దొరకదు. శ్రీనివాసపురంలో బస్సు మారి ఒంటిగంటకు రాయల్పాడులో దిగాను.

సరస్వతి కళ్లు ఏడ్చి వాచిపోయాయి. ఆవును కట్టే పలుపు తెమ్మన్నాను. తెచ్చింది మహాతల్లి, శుభ్రంగా ఉతికి, పసుపు కుంకుమ పెట్టి! రాచ్ వాసన చూసి, తుమ్మి, చతికిలబడ్డాడు. చూడవచ్చినవాళ్లు పకపకా నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"కుక్కకు పూజ చేస్తావేందే? కడిగితే వాసన యాడుంటాది?"

"మంచి పనికి పోతాంది గదక్కా, మురికిది ఎట్లిచ్చేది?"

కొట్టంలో ఆవు పడుకున్న చోటి గడ్డి తీసి రాచ్ ముక్కు దగ్గర పెట్టాను. అంతే! తల నేలకు వంచి ఒకటే లాగుడు. తోపులు దాటాం, వంక దాటాం. నాకు ఊపిరాడలేదు. సీతాఫలం పొదల దగ్గర వాడు గొంతెత్తి అరిస్తే రెండు నక్కలు పరుగు తీశాయి. పొదల వెనక ఆవు తన దూడను నాకుతోంది. దూడ కాళ్లు ఇంకా నిలవడం లేదు.

వెనకే పరుగెత్తుకొచ్చిన సరస్వతి ముందు రాచ్‌నే కౌగిలించుకుంది. ఇందాక నవ్వినవాళ్లే "ఏ జాతమ్మా ఇది?" అని అడిగారు.

"మా కోలారు గనుల జాతి" అన్నాను. గర్వం పట్టలేక రెండుసార్లు అన్నాను.

మర్నాడు జున్ను గిన్నెతో తిరుగు ప్రయాణం. ముళబాగిల్లో మళ్లీ ఆ కండక్టరే. జరిగినదంతా చెప్పి, మొదటి ముక్క రాచ్‌కు పెట్టి, రెండోది ఆయనకిచ్చాను. బేతమంగళలో ఎక్కిన పెద్దాయన, సీటు కింద కుక్క ఏమిటని విసుక్కున్నాడు.

"పండుకోనీప్పా" అన్నాడు కండక్టరు, "డ్యూటీ దిగి ఇంటికి పోతా ఉండాడు."

మా తాత, నాన్న, మా ఆయన, అందరూ గనికి దిగినవాళ్లే. షిఫ్టు ముగించి వచ్చే మా ఇంటి మగవాళ్ల గురించి జనం చెప్పుకునే ఆ మాట రాచ్‌కూ దక్కిందని నాకు కళ్లు చెమ్మగిల్లాయి. వాడు మాత్రం గురక పెడుతున్నాడు.