వైఫ్‌కి ప్రాస లైఫ్

ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ రేవు దగ్గర వలలు అల్లే కొట్టులో ఆడవాళ్ల చేతులకే పని. నోళ్లు ఖాళీ. అందుకని ప్రాసల ఆట ఆడుకునేవాళ్లు. ఒకరు ఒక మాట విసిరితే, వరసలో పక్కనున్నవాళ్లు దానితో కలిసే మాట చెప్పాలి. అర్థం కూడా చెప్పాలి. చెప్పలేనివాళ్లు అందరికీ టీ కాచాలి.

నోరీన్ పద్నాలుగో ఏట బడి మాని ఆ కొట్టులో చేరింది. నలుగురిలో గొంతు పెగిలేది కాదు. తన వంతు వస్తే చెవులు ఎర్రబడేవి. కానీ ఒకసారి విన్న మాట మరిచిపోయేది కాదు. ఇంటికి వెళ్లి పాత నోటుపుస్తకంలో వరసగా రాసుకునేది. డీప్ అంటే లోతు. స్లీప్ అంటే నిద్ర. కీప్ అంటే దాచుకోవడం. వీప్ అంటే ఏడవడం. 'బిగ్' వరసలో మాత్రం ఒక మాట రాయకుండా ఖాళీ వదిలేసింది. పంది పేరు ఎత్తితే పడవ మునుగుతుందని ఆ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ వరస వచ్చిన రోజున పక్కన కూర్చునే బెరిల్ కావాలనే, "డిగ్, ఫిగ్, విగ్... ఇంకోటుంది కదే, చెప్పవే నోరీన్!" అని ఏడిపించేది. నోరీన్ లేచి టీ కాచేది.

ఆ నోటుపుస్తకం సంగతి మెల్లగా వీధంతా పాకింది. సముద్రంలో పోయినవాళ్లకి, పోయినప్పుడూ ఏటా తిథికీ సాయంత్రం పేపర్లో పేరు వేయించి, కింద నాలుగు పాదాల పద్యం, దాని కింద ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టించడం అక్కడ ఆనవాయితీ. పేపరు వాళ్ల దగ్గర అచ్చు పద్యాల పుస్తకం ఉంది కానీ, ఎదురింటివాళ్లు వేయించిన పద్యమే తామూ వేయిస్తే నామోషీ. అందుకని వెనక గుమ్మంలోంచి నోరీన్ దగ్గరికి వచ్చేవాళ్లు.

"వేవ్ అంటే అల. గ్రేవ్ అంటే సమాధి. బ్రేవ్ అంటే ధైర్యవంతుడు. ఈ మూడూ వేసి రాయమ్మా," అనేవాళ్లు.

"మీ ఆయనకి సమాధి లేదు కదా పిన్నీ?" అని గొణిగేది నోరీన్.

"లేకపోతే ఏం? ప్రాసకి కావాలిగా!"

ఆమె రాసిచ్చేది.

ఇరవై రెండో ఏట ఆమెకే రాసుకోవలసి వచ్చింది. ఐస్లాండ్ దగ్గర జనవరి మంచులో ఆమె భర్త డెనిస్ ఎక్కిన చేపల ట్రాలర్ అందరితో సహా మునిగిపోయింది. పెళ్లై అప్పటికి ఎనిమిది నెలలు. డెనిస్ ఒడ్డున ఉన్న రోజులన్నీ కలిపితే నలభై దాటవు. అతని తల్లి హిల్డా, "వాడికి అందరికన్నా మంచి పద్యం పడాలే," అంది. నోరీన్ నోటుపుస్తకం తెరిచింది. వైఫ్ అంటే భార్య. నైఫ్ అంటే కత్తి. స్ట్రైఫ్ అంటే తగవు. లైఫ్ అంటే బతుకు. మొదటి మాటకి చివరి మాట తప్ప ఇంకేదీ అతకలేదు. 'నీ భార్యనే నేను, నా బతుకంతా' అని పడింది పద్యం.

పేపరు చూసి వీధంతా ఏడ్చింది. హిల్డా దాన్ని కత్తిరించి, ఇద్దరూ ఉండే ఇంట్లో చలికాచుకునే పొయ్యి మీది అద్దం చట్రంలో దోపింది. మర్నాటి నుంచి అది పద్యం కాదు, నోరీన్ ఇచ్చిన మాట. ఆమె కొత్త టోపీ కొంటే హిల్డా అద్దం వైపు చూసేది. బెరిల్‌తో డాన్సుకి వెళ్తానంటే మళ్లీ అద్దం వైపే. ప్రతి జనవరిలోనూ అదే పద్యం, కింద అవే పేర్లు: 'అమ్మ, భార్య నోరీన్'. అలా తొమ్మిది జనవరులు గడిచాయి.

పదో ఏడు రాకముందే విల్ఫ్ పెళ్లి మాట అడిగాడు. రేవులో చేపల పెట్టెలు దించే మనిషి, భార్య పోయినవాడు, మాటకారి కాడు. వలల కొట్టు గోడ పక్కన నిలబడి టోపీ చేతిలో నలుపుతూ అన్నాడు:

"నిన్ను తొందరపెట్టనమ్మాయ్. కానీ ఆ పేపరు నేనూ చదువుతా. ప్రతి ఏడూ చదువుతున్నా. ఈసారి కూడా దాని కింద నీ పేరు చూస్తే ఇంక అడగను. అడగడం మర్యాద కాదు."

నోరీన్ తల ఊపింది. ఊపిన తల అవునన్నదో కాదన్నదో అతనికి అర్థమైనట్టు లేదు.

ఈసారి తిథి శుక్రవారం పడింది. ఇవ్వడానికి గురువారం మధ్యాహ్నమే గడువు. నోరీన్ మూడు రాత్రులు కూర్చుని తల్లి ఒక్కతే చెప్పుకునే పద్యం రాసింది. అందులో వైఫ్ లేదు, లైఫ్ లేదు. గడువుకి కాస్త ముందు దాన్ని పట్టుకుని పేపరు ఆఫీసుకి వెళ్లి వరసలో నిలబడింది.

కౌంటర్లో మిస్ లమ్లీ కళ్లజోడు పైకి నెట్టుకుంది. "డెనిస్‌దా? అది వచ్చేసిందమ్మా. మీ అత్తగారు సోమవారమే వచ్చారు. 'పోయినేడు వేసిందే' అని చెప్పి వెళ్లారు."

"నా పేరు తీసెయ్యండి."

"ఎవరు ఇస్తే వాళ్లే మార్చాలమ్మా. రూలు."

"అది నా పేరండీ."

"ఆ పేజీలో ఉన్నవన్నీ ఎవరో ఒకరి పేర్లే కదా తల్లీ."

వెనక వరసలో ఎవరో దగ్గారు. నోరీన్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికి వెళ్లి హిల్డాని బతిమాలి తీసుకురావాలంటే గడువు దాటిపోతుంది. గడువు దాటకపోయినా ఆమె రాదు. బయటికి పోదామని సగం తిరిగింది. తిరిగి ఎక్కడికి పోవాలి? ఆ అద్దం ఉన్న గదిలోకే.

"నేను ఇంకోటి వేయించొచ్చా?" అంది.

మిస్ లమ్లీ కలం ఆగింది. ఒక మనిషికి ఒకే రోజున రెండు ప్రకటనలు పడ్డాయంటే ఆ ఇల్లు రెండుగా చీలిందని ఊరంతా చదువుకుంటుంది.

"వేయించొచ్చు. పద్యం తెచ్చావా?"

చేతిలో ఉన్నది తల్లి పద్యం. అది పనికిరాదు. నోరీన్ కాగితం వెనక్కి తిప్పి నిలబడే రాసింది: 'డెనిస్. నువ్వు పోయి పదేళ్లు. నిన్ను మరిచిపోలేదు. నేనింక ఎదురుచూడటం లేదు. నోరీన్.'

మిస్ లమ్లీ రెండుసార్లు చదివింది. "ప్రాస లేదే?"

"లేదండీ."

శుక్రవారం సాయంత్రం హిల్డా దీపం కింద పేపరు పరిచి, భూతద్దం పెట్టి చదివింది. ఒకదాని కింద ఒకటి, రెండూ ఉన్నాయి. భూతద్దం పక్కన పెట్టింది.

"ఊళ్లో అందరి మొగుళ్లకీ ప్రాసలు కట్టిచ్చావు. నా కొడుక్కి ఒక్కటి దొరకలేదా నీకు?"

"దొరికింది అత్తయ్యా. పదేళ్ల కిందట దొరికింది. అది ప్రాస కుదిరిందని రాశాను, అంతే. నేను ఇచ్చిన మాట కాదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"అప్పుడు మీరు ఏడుస్తున్నారు."

హిల్డా కత్తెర తీసింది. తన పద్యాన్ని మాత్రం అంచుల వెంట కత్తిరించుకుని, మిగిలిన పేపరు పొయ్యిలో వేసింది.

శనివారం మధ్యాహ్నం ఇంటి ముందు తలుపు చప్పుడైంది. ఆ వీధిలో ఎవరూ ముందు గుమ్మంలోంచి రారు. పెళ్లికో చావుకో తప్ప దాన్ని తియ్యరు. పదేళ్ల కిందట కబురు తెచ్చిన పాస్టరు తట్టింది ఆ తలుపే.

"తియ్యకు," అంది హిల్డా. "చలి లోపలికొస్తుంది."

నోరీన్ గడియ తీసింది. తడికి ఉబ్బి చెక్క కదల్లేదు. రెండు చేతులతో పిడి పట్టుకుని లాగింది. కదల్లేదు.

"బిగుసుకుపోయిందా?" అవతల నుంచి విల్ఫ్ గొంతు. "పోనీ వెనక నుంచి రానా?"

"వద్దు. అక్కడే ఉండు," అంది నోరీన్. ఒక కాలు గోడకి తన్నిపెట్టింది. "నువ్వు తొయ్యి. నేను లాగుతా."