తీపి మానేసిన నలభై రోజులు

డిసెంబరులో అమెరికాలోని మా ఇర్వింగ్ తెలుగు చర్చివాళ్లం క్యారల్స్ పాడుతూ ఇల్లిల్లూ తిరిగినప్పుడు, ప్రతి ఇంట్లోనూ ప్లమ్ కేక్ తిన్నాను. వద్దంటే నొచ్చుకుంటారు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ సిగ్గుతోనే, ఈస్టర్ ముందు లెంట్ అనే శ్రమల దినాలు రాగానే నలభై రోజులూ తీపి ముట్టనని తీర్మానం చేసుకున్నాను.

ప్రార్థన కూడికలో ఏ ఆంటీ స్వీట్ ప్లేటు అందించినా, “వద్దాంటీ, లెంట్ కదా, మానేశాను” అని పక్క గదికి వినబడేలా చెప్పేదాన్ని. ఆవిడ “ఎంత భక్తో!” అనేదాకా అక్కడే నిలబడేదాన్ని.

మూడో వారం కార్‌లో ఇంటికి వస్తుంటే, క్రిస్మస్‌కి ముందే మా దగ్గర ఉండటానికి వచ్చిన అమ్మ అడిగింది:

“క్రిస్మస్‌కి ఎన్ని కేక్ ముక్కలు తిన్నావో ఒక్కరికీ చెప్పలేదు కదే. ఇప్పుడు తినట్లేదని ఇంతమందికి చెప్పాలా?”