గోడ రుచి చూసే వాచ్‌మన్

గల్ఫు తీరాన అబూ హలీఫాలో మా బిల్డింగు వాచ్‌మన్‌ది కోనసీమ సముద్రపొడ్డు. సెల్లారులోని నా గది గోడ చెమ్మగిల్లిందంటే చాలు, వేలితో అద్ది నాలికకు రాసుకునేవాడు.

“సముద్రం వచ్చేస్తందండి. మా ఊళ్లో నూతులు ముందిలాగే ఉప్పెక్కాయి. పై అంతస్తుకి మారిపోండి,” అనేవాడు.

పైపు లీకని ఇంజనీరు చెప్పి, రంగు పూయించి వెళ్లాడు. వాచ్‌మన్‌కు నా గది మీద కన్నుందని నాకు గట్టి అనుమానం.

“నన్ను తరిమి ఎవుర్ని పెట్టాలనప్పా ఈ రూములో?” అని ఒకరోజు అడిగేశాను.

ఆయన నొచ్చుకోలేదు. ఇటుకలు తెచ్చి నా మంచం కోళ్ల కింద పెట్టాడు. “నీళ్లొస్తే మా ఇళ్లల్లో ఇలాగే ఎత్తుకుంటామండి,” అన్నాడు.

ఆయన అటు వెళ్లగానే తలుపేసి, నేనూ గోడ తడిమి నాలికకు రాసుకున్నాను. పైపు నీళ్లకు అంత ఉప్పెక్కడిది? మర్నాడు ఇంకో వరస ఇటుకలు నేనే తెచ్చుకున్నాను, ఆయన చూడకుండా.