సగటు ఎముక మీద నా కుళ్లు

ఫిల్మ్ నగర్ రిహార్సల్ హాల్లో మోకాలు పైకెత్తి పక్కకు తిప్పుతుండగా మొదటిసారి కుడి గజ్జలో చురుక్కుమంది. నేను సినిమా పాటల్లో గ్రూప్ డాన్సర్‌ని. హీరోయిన్ వెనకాల మొదటి వరసలో, కెమెరాకి ముఖం కనిపించే చోటు నాది. నొప్పి అన్నవాళ్లని మాస్టర్ వెనక వరసకి పంపేస్తారు. కండరం పట్టిందనుకుని బామ్ రాసుకున్నాను.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. కొన్నాళ్లకి ఎడమవైపూ మొదలైంది. ఆటో ఎక్కడమే కష్టమయ్యాక, జూబ్లీ హిల్స్‌లో ఒక ఆస్పత్రికి వెళ్తే డాక్టర్ ఎమ్మారై తీయించారు. ఏవీఎన్ అట. రక్తం అందక తుంటి దగ్గర రెండు తొడ ఎముకల తలలూ కుంగిపోయాయి, కీళ్ల రీప్లేస్‌మెంట్ తప్పదన్నారు.

నా చోటు సునీతకిచ్చారు. తనూ గ్రూప్ డాన్సరే, మధురానగర్‌లో నా గదిలోనే ఉంటుంది. అంతకుముందు షూటింగులో పడితే అదే ఆస్పత్రిలో సీటీ స్కాన్ తీశారు, ఎముకకి గీత కూడా పడలేదు. ఇప్పుడా పిల్ల మెట్లు చకచకా దిగుతుంటే నాకు కడుపు మండిపోయేది.

ఆపరేషన్‌కి ముందు డాక్టర్ స్క్రీన్ మీద ఒక ఎముకని తిప్పి చూపించారు.

"ఒకవైపు బాగుంటే దాన్నిబట్టి రెండోదాని కొలత కట్టేవాళ్లం. మీకు రెండూ పోయాయి. ఇది చాలామంది ఆరోగ్యవంతుల స్కాన్లు కలిపి చేసిన సగటు మోడల్. మీలో కుంగని భాగానికి దీన్ని సరిపెట్టి, మీ ఎముక మొదట్లో ఎలా ఉండేదో అంచనా వేస్తాం."

నున్నగా, గుండ్రంగా ఉంది. ఎవరిదీ కాని ఆ ఎముకని చూసి కూడా కుళ్లుకున్నాను.

సునీతకి చెప్తే తల దించుకుంది.

"నా స్కాన్ గూడ అండ్లనే ఉన్నట్టుందక్కా. పేరు లేకుండ కలుపుకుంటమంటే సరే అన్న."

నా చోటు చాలక ఎముకలోకి కూడా వచ్చావా అనేశాను. ఆపరేషన్లు రెండూ అయ్యాయి. ఎడమవైపు గాయం మానక మళ్లీ అడ్మిట్ అయితే, బెడ్‌పాన్ అందించిందీ సునీతే. అందుకు ఇంకా ఒళ్లు మండింది.

నడవండి, నేర్పండి, గెంతొద్దు అన్నారు డాక్టర్. ఇప్పుడు మాస్టర్‌కి అసిస్టెంట్‌ని. నొప్పి లేదు, కుళ్లుంది.

మొన్న రిహార్సల్లో సునీత గజ్జ పట్టుకుని, ఏం లేదక్కా అంది. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం సంతోషం వేసింది. వెంటనే భయమేసింది. పాట ఆపించి ఎమ్మారైకి తీసుకెళ్లాను. అంతా బాగుందన్నారు. దానికీ కుళ్లుకున్నాను, ఆమె చెయ్యి పట్టుకునే.

గజ్జలో నొప్పి తగ్గకపోతే, ఎక్స్‌రే బాగుందని ఊరుకోకండి. ఎమ్మారై అవసరమా అని డాక్టర్‌ని అడగండి. చోటు పోతే తర్వాత కుళ్లుకుందురుగాని, ముందు నడవాలి కదా.