బొమ్మకిచ్చిన గొంతు

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుని. పెద్దపేగు లోపల చూడ్డానికి వెనకనుంచి సన్నటి గొట్టం పంపిస్తారే, ఆ కొలనోస్కోపీలు చేసే గదిలో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను.

మూడేళ్ళ కిందట మా పెద్ద డాక్టరుగారు, నేర్చుకునే డాక్టర్ల కోసం ఒక సిమ్యులేటర్ తెప్పించారు. నడుము నుంచి తొడల దాకా ఉన్న రబ్బరు బొమ్మ, పక్కన స్క్రీను. బొమ్మలోకి గొట్టం పెడితే స్క్రీను మీద పేగు కనిపిస్తుంది, గులాబీ రంగులో, తడి మెరుపుతో సహా. పేగు వంపు తిరిగే చోట గొట్టం లోపల చుట్ట పడుతుంది. అప్పుడు బయటనుంచి ఎంత తోసినా కొస ముందుకెళ్ళదు, పేగే సాగుతుంది. మనిషి విలవిల్లాడేది అక్కడే. ఇంకా తోస్తే చిరుగుతుంది. వెనక్కి లాగి, చుట్ట విప్పుకుని, మళ్ళీ మెల్లగా వెళ్ళాలి. అసలు విద్యంతా అదే.

బొమ్మ మాట్లాడదు కాబట్టి ఆ పని నాకు అప్పజెప్పారు. పక్కన కుర్చీలో కూచుని, స్క్రీను మీద నొప్పిని చూపించే ఎర్రగీత పైకి లేచినప్పుడల్లా రోగిలా నొప్పి అని చెప్పాలి. మనిషితో మాట్లాడుతూ చెయ్యడం వీళ్ళకి అలవాటవ్వాలన్నారు.

అప్పుడే చేరిన డాక్టరు ఒకాయన ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. మొదటి వారం నేను ఆపండి అంటే టక్కున ఆగి, ఎక్కడ నొప్పి అని నా మొహం చూసి అడిగేవాడు. తర్వాత ఆయన ఒకటి కనిపెట్టాడు. మెషీను మార్కులిచ్చేది ఎంత తొందరగా చివరికి చేరాడన్నదానికి, పేగు గోడలు ఎంత శుభ్రంగా చూశాడన్నదానికి. నా మాటకి మార్కు లేదు. అప్పట్నించి నేనేమన్నా "అయిపోయిందమ్మా, ఇంకొక్క నిమిషం" అనేవాడు. ఎంతో మెత్తగా అనేవాడు. కళ్ళు మాత్రం స్క్రీను మీంచి కదిలేవి కావు. ఒకరోజు కావాలనే గట్టిగా, గొంతు వణికిస్తూ ఆపమన్నాను. అదే మాట, అదే మెత్తదనం.

పెద్ద డాక్టరుగారికి చెప్పాను. అతని చెయ్యి చాలా బాగుందమ్మా, బొమ్మ దగ్గరే కదా, అన్నారు. తర్వాత ఆ కొత్త డాక్టరు మనుషులకి చెయ్యడం మొదలుపెట్టాక పక్కనే ఉండి కనిపెట్టి చూశాను. మత్తులో ఉన్న రోగులు మాట్లాడరు. ఏ ఇబ్బందీ రాలేదు. అయినా ఆయన చెయ్యి వంపు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

పోయిన వేసవిలో నాకు విరేచనంలో రక్తం కనిపించింది. పదిమందికి చెప్పేదాన్ని, నా దాకా వచ్చేసరికి మొలలేమో అనుకుని రెండు నెలలు దాచాను. డ్యూటీలో కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాక రక్తపరీక్ష చేసి, వెంటనే కొలనోస్కోపీ చేయించుకోమన్నారు. ఆ వారం పెద్ద డాక్టరుగారు ఊళ్ళో ఉండరట. ఆ కొత్త డాక్టరు చేస్తాడులే అన్నారు. వద్దనడానికి నా దగ్గర కారణమేముంది? ముందురోజు సాయంత్రం పేగు ఖాళీ కావడానికి మందు కలిపిన నీళ్ళు గ్లాసు తర్వాత గ్లాసు తాగుతూ, వాయిదా వేస్తే బాగుండునని మా ఆయనతో అన్నాను. భయం అందరికీ ఉంటుందన్నాడు. భయం దేనికో ఆయనకి చెప్పలేదు.

అయ్యాక బస్సులో కొవ్వూరు, మా ఇంటికి వెళ్ళాలి కదా అని మత్తు తక్కువే ఇవ్వమన్నాను. అది నా తప్పే.

రోజూ నిలబడే గదిలో పక్కకి తిరిగి పడుకున్నాను. నా చోట ఒక చిన్న నర్సు నిలబడింది. మొదట ఉబ్బరం తప్ప ఏమీ లేదు. తర్వాత బొడ్డుకింద ఎడంపక్క ఏదో మెలితిరిగి, లోపలనుంచి సాగదీసినట్టయింది. చుట్ట పడిందని నాకు తెలిసింది. ఆయన తోస్తూనే ఉన్నాడు.

"ఆపండి డాక్టరుగారూ," అన్నాను.

ఆయన చిన్నగా నవ్వాడు. "మీ డైలాగులన్నీ నాకు కంఠతా వచ్చు సిస్టర్ గారూ. అయిపోయింది, ఇంకొక్క నిమిషం."

కావాలని చేసింది కాదది. నా నోటినుంచి ఆ మాట అన్నిసార్లు వట్టిగా విన్నాడు, ఇప్పుడది నిజమని ఆయన చెవికెలా తెలుస్తుంది? ఇంకోలా చెప్పాలనుకున్నాను. మాట రాలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టి, పక్కన గుండె మానిటరు శబ్దం ఎడమెడంగా వినిపించసాగింది. దూరదూరంగా, ఎవరో అడుగులేసుకుంటూ వెళ్ళిపోతున్నట్టు.

"సార్, అక్క నటించట్లేదు. పల్స్ పడిపోతోంది," అంది చిన్న నర్సు.

గొట్టం ఆగింది. ఆయన మొహం నాకు కనిపించలేదు. గొట్టం మెల్లగా, ఆగి ఆగి వెనక్కి వెళ్ళడం మాత్రం లోపల తెలిసింది.

పొట్ట బల్లలా గట్టిపడింది. స్కాన్ తీసి, రెండు రోజులు సెలైన్ మీద ఉంచారు. పేగు చిరగలేదు. ఆయన రెండు పూటలా వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడేవాడు. రెండోరోజు, "నేను వినలేదండీ," అన్నాడు. పర్వాలేదని అనలేకపోయాను. తల ఊపాను.

నెల తర్వాత పెద్ద డాక్టరుగారే పరీక్ష పూర్తి చేశారు. అవతలి చివర, ఆరోజు చేరలేకపోయిన చోట, చిన్న గడ్డ ఉంది. తీసి ల్యాబుకి పంపారు. కణాల్లో మార్పు మొదలైందనీ, క్యాన్సరు దాకా రాలేదనీ రిపోర్టు. ఏటా చూపించుకోవాలి.

బొమ్మ పక్కన కుర్చీలో ఇక కూచోనని చెప్పేశాను. ఇప్పుడు మత్తు లేకుండా ఈ పరీక్ష చేయించుకున్న రోగుల్ని రప్పించి, వాళ్ళు నేర్చుకునేవాళ్ళతో మాట్లాడే ఏర్పాటు చేస్తున్నారు. ఆ డాక్టరు ఇక్కడే ఉన్నాడు. బొమ్మ మీద ఇప్పటికీ ఆయనవే ఎక్కువ మార్కులు. కానీ మనిషి పడుకుంటే, మత్తులో చిన్నగా మూలిగినా చాలు, ఆగిపోతాడు. గొట్టం తీసేస్తాడు. మొన్న మండపేట నుంచి ఒక రైతు వచ్చాడు, నాలాగే రక్తం పడుతోందని. అతను మూలగగానే డాక్టరు అవతలి సగం చూడకుండానే ఆపి, మళ్ళీ రమ్మని కాగితం మీద రాసిచ్చాడు. పంట పనులయ్యాక వస్తానండీ అని చెప్పి, రైతు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఇంకా రాలేదు.