సోంపు పళ్ళెం వచ్చే వేళకి

ఆ రోజుల్లో నా జీతం నెలలో మూడో వారం దాకానే వచ్చేది, పరువు మాత్రం నెలాఖరు దాకా నిలబెట్టుకోవాలి. ఏలూరులో గది తీసుకుని, ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతూ, స్టేషన్ దగ్గరి చిన్న హోటల్లో భోంచేసేవాణ్ణి. అక్కడ వడ్డించే పెద్దాయన్ని అందరం మీసాల బాబాయి అనేవాళ్ళం. అడక్కుండానే మళ్ళీ పప్పు వేసేవారు (పులుసులో చేపముక్క రాకపోతే నాకంటే ఆయనే ఎక్కువ నొచ్చుకునేవారు). అందుకే బిల్లు కట్టాక ఆయన సోంపు పళ్ళెం తెచ్చి పెడితే నాకు ముచ్చెమటలు పోసేవి. పక్కబల్లల వాళ్ళు అందులో పదో ఇరవయ్యో వేసి లేచేవారు. నా జేబులో మిగిలింది ఆకివీడులో మా ఇంటికెళ్ళే బస్సు ఛార్జీకే సరి. లేదని చెప్పడానికేమో నామోషీ.

చివరికొక ఉపాయం తట్టింది. పళ్ళెం వస్తుండగానే ఫోను చెవిన పెట్టి, "ఆ సార్, బయల్దేరాను సార్" అంటూ హడావిడిగా గుమ్మం దాటడం. (సోంపు మాత్రం గుప్పెడు అందుకునే వెళ్ళేవాణ్ణి.) చాలా వారాలు బాగానే సాగింది. ఒక శనివారం హోటలు కిటకిటలాడుతుండగా, లేని సార్‌కి నేను సంజాయిషీ చెబుతుంటే, చెవి దగ్గరే ఫోను మోగింది. అమ్మ. మా చర్చివాళ్ళు పాడిన పాటని రింగ్‌టోన్‌గా పెట్టించింది కూడా తనే. బృందమంతా గొంతెత్తేసరికి తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. నా దగ్గర చదువుకునే అమ్మాయిలిద్దరు ఆకుల్లోకి తలలు వంచేసి నవ్వుకున్నారు. మీసాల బాబాయి నవ్వలేదు. "ఎత్తండి బాబూ, ఇంటి దగ్గర్నుంచేమో" అన్నారు. ఎత్తకుండానే బయటపడ్డాను.

జీతం వచ్చేదాకా అరటిపళ్ళతో గడిపి, ఆ వీధి మొహం చూడలేదు. తర్వాత వెళ్ళి, ఆయన చేతిలో ఒక నోటు పెట్టి, ఆ రోజు సిగ్నల్ సరిగ్గా లేదంటూ మొదలెట్టాను. ఆయన నోటు జేబులో పెట్టుకుని నెమ్మదిగా అన్నారు.

"లేనప్పుడు ఊరికే వెళ్ళిపోండి బాబూ, నేనేమన్నా అనుకుంటానా? పాపం ఏదో కంగారు ఉద్యోగమని, రోజూ అందరికంటే ముందు మీకే వడ్డించేవాణ్ణండి."

ఆ పూట ఆయన మళ్ళీ పప్పు వేయబోతే ఆకుకి చెయ్యి అడ్డం పెట్టాను.

ఇప్పుడు ఇవ్వగలిగితే ఇస్తాను, లేకపోతే "ఈసారి లేదండీ" అని మొహం చూసి చెబుతాను. ఇంత చిన్నమాట నోరు దాటక, పుట్టని మనిషికి వంగి వంగి జవాబులు చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కాసేపటికి, పాపం, నవ్వూ వస్తుంది.